ఇసకదిబ్బ అలారం

ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని ఒకసారి చూసుకుని, "తలుపు వేసెయ్యచ్చా అండీ?" అంది.

నరసింహమూర్తి లేచి తలుపు వేశాడు. చందానగర్ మెయిన్ రోడ్డు మీద, స్టీలు సామాన్ల దుకాణం పైన ఉంటుంది ఉమాశ్రీ డిటెక్టివ్ ఆఫీసు. తలుపు వేస్తే కింద గిన్నెల చప్పుడు సగానికి తగ్గుతుంది. రోడ్డు చప్పుడు అసలు తగ్గదు. ట్రెజరీ ఆఫీసులో రిటైరైన మూర్తి ఇక్కడ సహాయకుడిగా చేరి మూడేళ్ళయింది. భార్య పోయాక నల్లగండ్ల ఫ్లాట్లో సాయంత్రాలు గడవక చేరానన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. తనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నదైన ఉమాశ్రీ తెలివంటే తనకెంత గౌరవమో మాత్రం కనపడిన ప్రతివాళ్ళకీ చెబుతాడు.

"కూసో తల్లీ," అంది ఉమాశ్రీ. "నీళ్ళు తాగు. భయపడనీకి టైముంది."

"టైం లేదండీ. సోమవారం నన్ను పోలీసులకి అప్పగిస్తారు."

"ఏం జేసినవని?"

"ఏమీ చెయ్యలేదు."

"నా దగ్గరికొచ్చినోళ్ళు అందరు గదే అంటరు. జర మొదటికెళ్ళి చెప్పు."

ఆమె పేరు యశస్విని. తూర్పు కోస్తాలో ముడి చమురు టెర్మినల్ నడిపే ఒక కంపెనీలో ఉద్యోగం. ఓడల్లోంచి దిగిన చమురును పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిల్వ చేసి, కొంత గొట్టాల ద్వారా లోపలి ప్రాంతంలోని రిఫైనరీకి పంపుతారు. మిగిలింది మళ్ళీ ఓడల్లోకెక్కించి వేరే దేశాలకు పంపుతారు. ఇప్పుడు అదంతా రెట్టింపు కాబోతోంది. కొత్త ట్యాంకులు, రెండో గొట్టం, ఓడలు ఆగడానికి ఇంకో జెట్టీ. చమురు ఉన్నది సముద్రం ఒడ్డున. దాన్ని కనిపెట్టి చూసే మనుషులు మాత్రం హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం ఏడో అంతస్తులో, తెరల ముందు కూర్చుంటారు. ముగ్గురు వంతులవారీగా చూస్తారు. ఆ ముగ్గురిలో ఆమె ఒకతె.

"గొట్టం దారిలో ఇసకదిబ్బ అని ఒక చిన్న స్టేషన్ ఉందండీ. రెండు నెలల నుంచి అక్కడ ఉన్నట్టుండి ప్రెషర్ పడిపోతోంది. పడిపోయిందంటే గొట్టం పగిలి చమురు కారుతోందని అర్థం. అలారం మోగుతుంది. పంపులు ఆపేస్తాం. ఒడ్డున ఓడ ఆగిపోతుంది. మనుషులు జీపుల్లో పరిగెత్తి వెళ్ళి చూస్తే ఎక్కడా కారదు. కాసేపటికి ప్రెషర్ దానంతటదే వచ్చేస్తుంది."

"అయితే మిషన్ ఖరాబైంది."

"అది నా షిఫ్టులోనే మోగుతుందండీ. నా ఒక్కదాని షిఫ్టులోనే. పోయిన వారం నన్ను సెలవులో పంపారు. అప్పట్నుంచి ఒక్కసారి కూడా మోగలేదు. విస్తరణ ఇష్టంలేని వాళ్ళెవరో నాతో చేయించారంటున్నారు. సోమవారం భద్రతా తనిఖీ వాళ్ళొస్తారు. వాళ్ళకి చూపించడానికి ఒక దొంగ కావాలి."

మూర్తికి ఆ పిల్ల మీద జాలేసింది. ఆ వెంటనే, ఈమే చేసి ఉంటుందేమో అని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించినందుకు సిగ్గుపడ్డాడు.

"అలారం మోగంగనే నువ్వేం చేస్తవ్?" అడిగింది ఉమాశ్రీ.

"పంపులాపి ఇసకదిబ్బకి ఫోన్ చేస్తాను. అక్కడ ఒక అటెండెంట్ ఉంటారు. ముందుగా మీరు క్షేమంగా ఉన్నారా అని అడగాలి. గొట్టం పగిలితే ఆవిరికి మనిషి పడిపోవచ్చు కదండీ, అందుకని. తర్వాత చుట్టూ వాసనుందా, తడుందా అని. ప్రెషర్ తిరిగి వచ్చేదాకా లైను కట్ చెయ్యకూడదు. రూలది."

"అందరు గట్లనే చేస్తరా?"

"చెయ్యాలి కదండీ."

"డ్యూటీ ఎక్కంగనే ఏం చేస్తవ్?"

"అన్ని స్టేషన్లకీ ఒక ఫోన్. వినిపిస్తోందా అంటే వినిపిస్తోంది అంటారు. అంతే."

"గిట్ల రూల్ తప్పకుండ బతికేటోళ్ళకే అన్నీ చుట్టుకుంటయి," అంది ఉమాశ్రీ నవ్వుతూ. అమ్మాయి నవ్వలేదు.

* * *

మర్నాడు ఏడో అంతస్తులో వాళ్ళకు ఎదురొచ్చిన ఆపరేషన్స్ అధిపతి వెంకటనారాయణ మర్యాదస్తుడు. యశస్విని తరఫున ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని తనే ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకోవడం కూడా తనిఖీ వాళ్ళకు బాగా కనిపిస్తుందని ఆయన లెక్క.

లోపల చలి ఎక్కువ. మనుషులు తక్కువ. గోడంత తెర మీద సన్నటి ఆకుపచ్చ గీత సముద్రం నుంచి లోపలికి పాకుతోంది. అదే గొట్టమట. దాని మీద చిన్న చిన్న చుక్కలు స్టేషన్లు. మూర్తి ఇసకదిబ్బ చుక్కను చాలాసేపు చూశాడు. కిటికీ అవతల ఇంకో అద్దాల భవనం ఉంది. అందులోనూ ఎవరో ఒకతను తెరకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఒకప్పుడు ప్రతి స్టేషన్లో నలుగురుండేవారండీ," అన్నాడు వెంకటనారాయణ. "రెండు నెలల కిందట కెమెరాలు పెట్టి ఒక్కరికి తగ్గించాం. రెండో గొట్టం వచ్చాక ఆ ఒక్కరూ అక్కర్లేదు. అన్నీ ఇక్కడి నుంచే."

"కెమెరా ఏడ చూస్తది?"

"గేటు వైపు. బయటివాళ్ళు రాకుండా."

ఆ ముగ్గురిలో ఇంకొకడు, షిఫ్టులు కూడా వేసే అవినాష్, నార్సింగి కుర్రాడు. ఉమాశ్రీ మాట యాస విని కుర్చీలో సర్దుకున్నాడు.

"అక్కా, మీరు మనోళ్ళేనా? అయితే సాఫ్ చెప్త. ఆ పిల్ల మంచిదే, కాని జర ఎక్కువ సిన్సియర్. ఇద్దరు టెక్నీషియన్లను రెండుసార్లు ఇసకదిబ్బకు పంపిన. వాళ్ళున్న రోజుల్ల ఆ పిల్ల డ్యూటీలనే ఉంది. ఒక్కసారన్న మోగిందా? లేదు. ఎందుకంటే వాళ్ళు పోతున్నరని ఆమెకు ఎరుక."

"ఇంకెవరికి ఎరుక?"

"ఇక్కడ అందరికి. ఆడ స్టేషన్ల కూడ ఎరుకనే గదా, పోయేది ఆడికే."

"ఈ తెర మీదికెళ్ళి ప్రెషర్ తగ్గించొచ్చా?"

అవినాష్ తల గోక్కున్నాడు. "పంపులు ఆపొచ్చు. మీటరును మార్చలేం. కాని ఏదో ట్రిక్కు చేసుంటది, పెద్ద చదువు చదివింది."

"ఆ మీటరును ఎట్ల సాఫ్ చేస్తరు?"

"దాని కింద చిన్న కుళాయి ఉంటది. మూసి, పక్కనున్న సన్న గొట్టంలకెళ్ళి మడ్డి వదుల్తరు. అటెండెంట్లకు గూడ నేర్పినం. ఎందుకక్కా?"

"నాకు వంటింట్ల ట్యాపులు ఖరాబైనయి, అందుకు."

మూడో ఉద్యోగిని జ్యోత్స్న చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయకుండానే మాట్లాడింది. యశస్విని అంటే తనకు పడదని అందరికీ తెలుసు కనుక తనే ముందు చెప్పేసింది.

"పడదు. డ్యూటీ మార్చుకునేటప్పుడల్లా ఫోన్లు చేసి హలో హలో అంటుంటే పక్కన కూర్చోలేం. మేమైతే యాప్‌లో బెల్ నొక్కుతాం, వాళ్ళు టిక్ పెడతారు, అయిపోతుంది."

"మీ షిఫ్టుల ఎన్నడూ ఇసకదిబ్బ అలారం రాలేదా?"

జ్యోత్స్న అవినాష్ వైపు చూసి గొంతు తగ్గించింది. "మొదట్లో ఒకట్రెండుసార్లు వచ్చింది. చెక్ చెయ్యమని మెసేజ్ పెట్టి బటన్ నొక్కేశాను. పోయింది. అవినాష్‌కీ వచ్చిందట. బటన్ నొక్కేస్తే లెక్కలోకి రాదు కదా. మేడమ్, ఇది సార్‌కి చెప్పకండి ప్లీజ్."

"ఫికర్ చెయ్యకు," అంది ఉమాశ్రీ. చెప్పనని మాత్రం అనలేదు. ఆ తేడా మూర్తి గమనించాడు.

* * *

యశస్విని ఇసకదిబ్బతో మాట్లాడిన ఫోన్లన్నీ రికార్డయి ఉన్నాయి. ఒక ఖాళీ గదిలో కూర్చుని ఉమాశ్రీ, మూర్తి విన్నారు.

ప్రతిదీ ఒకేలా ఉంది. మొదటి రింగు సగంలోనే అవతల ఫోనెత్తేవారు. మీరు క్షేమంగా ఉన్నారా అని యశస్విని కాగితం చదువుతున్నట్టు అడిగేది. అవతల ఒక ఆడమనిషి గొంతు, పేరు భూలక్ష్మి, ఒక్క క్షణం ఆగి చెప్పేది.

"ఉన్నానమ్మా. రాత్రి కొంచెం గాలేసింది. ఇప్పుడు బానే ఉన్నాను."

"చుట్టూ వాసన, తడి ఏమైనా ఉన్నాయా?"

"చూసొస్తానుండమ్మా. లైన్లోనే ఉండు."

తరవాత చెప్పుల చప్పుడు దూరమయ్యేది. చాలాసేపు ఏమీ ఉండేది కాదు. గాలి, ఎక్కడో కాకి. ఇటువైపు యశస్విని, ప్రెషర్ వచ్చిందని ఎవరితోనో అనేది. అప్పుడు మళ్ళీ చెప్పుల చప్పుడు దగ్గరయ్యేది. "ఏం లేదమ్మా. అంతా బానే ఉంది. నువ్వు తిన్నావా?" అనేది భూలక్ష్మి. "థాంక్యూ అండీ, లైన్ క్లోజ్ చేస్తున్నాను," అనేది యశస్విని.

నాలుగోది విన్నాక మూర్తి హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"ఇందులో ఏముందండీ? ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుకున్నారు."

ఉమాశ్రీ ఆయన కేసి చూసింది. "మూర్తిగారూ, ఒకటడుగుత, కోపం చెయ్యకుండ్రి. మన ఆఫీసుల ఫోన్ మోగితే మీరెన్నడన్న రెండో రింగు దాక పోనిచ్చిన్రా?"

మూడేళ్ళలో ఈమె తనను ఇంతగా చూస్తోందని ఆయనకు తెలియదు. ఆ ఫోన్లలో ఎక్కువ భాగం లోన్లిస్తామని వచ్చేవే. వాళ్ళతో కూడా ఆయన నిదానంగా, ఏ ఊరమ్మా మీదని అడిగి మరీ మాట్లాడేవాడు. గది అంతా ఉన్నట్టుండి మరీ చల్లగా అయినట్టనిపించింది.

"నవ్వులాటకనలేదు," అంది ఆమె మెల్లగా. "అక్కడ మీటరు బయట పెరట్ల ఉంది. ఫోను లోపల రూంల ఉంది. అలారం మోగినప్పుడల్ల ఆమె ఫోను పక్కనే ఎట్ల ఉంటది?"

మూర్తికి అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, అర్థం కాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

* * *

శనివారం మధ్యాహ్నం అందరినీ ఏడో అంతస్తులోనే సమావేశం గదిలో కూర్చోబెట్టింది ఉమాశ్రీ. వెంకటనారాయణ, అవినాష్, జ్యోత్స్న ఒకవైపు. యశస్విని ఒక్కతే ఎదురుగా. బల్ల మధ్యలో స్పీకరు ఫోను, అందులో ఇసకదిబ్బ.

"భూలక్ష్మమ్మా, వినిపిస్తుందా?"

"వినిపిస్తోందండీ." కొంచెం ఆగి, "ఆ అమ్మాయి ఉందాండీ అక్కడ? సెలవు పెట్టిందన్నారు," అంది.

"ఉంది," అంది ఉమాశ్రీ, మిగతావాళ్ళ వైపు తిరిగింది.

"యశస్విని ఉంటెనే అలారం మోగుతది కాబట్టి యశస్వినే మోగిస్తుంది అనుకున్నరు. ఒక మనిషి ఉన్నప్పుడే ఒకటి జరుగుతుందంటే, ఆ మనిషి చేసిందన్న కావాలె, ఆ మనిషి కోసం ఇంకొకరు చేసిందన్న కావాలె. రెండోది ఎవ్వరు అనుకోలే. ఈ గదిలకెళ్ళి మీటరు మార్చుడు కాదని అవినాషే చెప్పిండు. అంటే చెయ్యి మీటరు దగ్గరనే ఉంది. టెక్నీషియన్లు పోయిన రోజుల్ల యశస్విని ఇక్కడ డ్యూటీలనే ఉన్నా మోగలే. ఆ రోజుల్ల ఇక్కడేం మారలే. అక్కడొక్కటి మారింది. స్టేషన్ల వేరే మనుషులున్నరు."

"అలారాలు షురువైంది రెండు నెలల కింద. స్టేషన్‌కు ఒక్కరినే ఉంచింది గూడ రెండు నెలల కిందనే. మొదట్ల అందరి షిఫ్టులల్ల మోగింది సార్. మీవాళ్ళు బటన్ నొక్కి నోరు మూసిన్రు." జ్యోత్స్న తల దించుకుంది. అవినాష్ పైకప్పు చూశాడు. "ఒక్క యశస్విని మాత్రం రూల్ ప్రకారం ఫోన్ చేసింది. క్షేమమేనా అనడిగింది. లైన్ కట్ చెయ్యకుండ ఉంది. అప్పటికెళ్ళి వేరేవాళ్ళ షిఫ్టులల్ల మోగుడు బందైంది. డ్యూటీ ఎక్కంగనే ఫోన్ చేసేది ఈ పిల్లొక్కతే కాబట్టి, ఫోన్ మోగిందంటే ఇయ్యాల ఎవరున్నరో అక్కడ తెలిసిపోతది. రికార్డింగులు వినుండ్రి. ప్రెషర్ ఎప్పుడు తిరిగొస్తది? ఆమె చూసొస్త అని బయటికి పోయినప్పుడే. మీటరు కింద కుళాయి మూసి సన్న గొట్టం వదిలితే ప్రెషర్ పడ్డట్టు చూపిస్తది, గట్ల చేసి లోపలికొస్తది. రింగు కోసం ఫోను పక్కన కూసుంటది. భూలక్ష్మమ్మా, నేను తప్పు చెప్తున్ననా?"

"లేదండీ."

"ఎందుకు చేసినవో నువ్వే చెప్తవా?"

"ఏం చెప్పనండీ. ఈ స్టేషన్ కట్టింది మా చేలోనే. చేను తీసుకుని ఉద్యోగం ఇచ్చారు. పోనీలే, మా చేలోనే ఉన్నాం కదా అనుకున్నాను. రెండో గొట్టానికని చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ తీసుకున్నారు. జనాన్ని ఎక్కడో కాలనీకి పంపారు. నాతో పనిచేసేవాళ్ళని తీసేశారు. రెండ్రోజులు మాట్లాడకపోతే మూడో రోజు గొంతు పెగలదండీ. అదీ సంగతి. ఆ అమ్మాయి బాగున్నావా అనేది. రోజూ ఉత్తినే ఫోన్ చేసి మాట్లాడమంటే మాట్లాడరు కదా."

"అది మీ బాగు కోసం అడగలేదు!" యశస్విని లేచి నిలబడింది. "నేను అడిగింది రూలు. కాగితం మీదుంది, చదివాను. మీరెవరో నాకు తెలీదు. నన్ను దొంగన్నారు. మా ఇంట్లో నాతో మాట్లాడటం మానేశారు. వారం నుంచి ఎవరూ నాకు ఫోన్ చెయ్యలేదు, తెలుసా?"

అంది గానీ, తన ఆఖరి మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది.

"నీ మీదకొస్తుందని తెలీదమ్మా," అంది భూలక్ష్మి. "తెలిస్తే చేతులు విరగ్గొట్టుకునేదాన్ని. సార్, ఉన్నారా? ఆ పిల్ల పేరు తీసెయ్యండి. నన్నేం చేసినా పర్లేదు."

వెంకటనారాయణ గొంతు సవరించుకున్నాడు. "చూడండి, యశస్విని మీద ఏమీ ఉండదు. కంప్లైంట్ ఇక్కడే చింపేస్తున్నాను. కానీ ఓడలు ఆగాయి. సోమవారం తనిఖీ వాళ్ళకి కారణం చెప్పాలి. పేరు మారుతుంది, అంతే."

"కారణం నేను రాసిస్త సార్," అంది ఉమాశ్రీ. "రెండు తీర్ల రాయొచ్చు. పోలీసులకు పేరిచ్చే తీరుగ రాస్తే, మీ ముగ్గుర్ల ఇద్దరు అలారాలను బటన్‌తోని మింగిన్రని గూడ రాయాలె. నిజంగ గొట్టం పగిలితే ఏమైతుండెనో తనిఖీవాళ్ళే చెప్తరు. ఇంకో తీరుగనైతే, స్టేషన్ల మనిషిని ఒక్కదాన్నే పెట్టుడు ప్రమాదమని తేలింది, మార్చినం అని రాస్త. అవినాష్, జ్యోత్స్న ఇగ ఫోన్ చేస్తరని గూడ."

వెంకటనారాయణ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కాదని మూర్తికి అనిపించింది. ఆకుపచ్చ గీత మీది చుక్కల్లో మనుషులుంటారని ఆయనకు ఎవరూ గుర్తు చేసి ఉండరు.

"సరే," అన్నాడు చివరికి. ఫోను వైపు వంగి, పిల్లలకు చెప్పినట్టు దయగా చెప్పాడు. "భూలక్ష్మీ, నిన్ను తీసెయ్యడం లేదు. ఒడ్డున టెర్మినల్‌కి మారుస్తున్నాం. క్యాంటీన్లోనో, గేటు దగ్గరో. క్వార్టర్సు ఉంటాయి. కొత్త జెట్టీ పనివాళ్ళతో కలిపి అక్కడ వందల మంది ఉంటారు. ఇక నీకు ఒంటరితనం ఉండదు."

అందరూ తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. జ్యోత్స్న కళ్ళు తుడుచుకుంది కూడా.

"చల్లగా ఉండండి సార్," అంది భూలక్ష్మి. తరవాత, నిజంగా తెలియక అడుగుతున్నట్టు అడిగింది. "అంతమందిలో నేనెవరికి తెలుస్తాను సార్?"

వెంకటనారాయణ పెన్ను బల్ల మీద పెట్టేశాడు. అవినాష్ నవ్వబోయి మానేశాడు. మూర్తి తన చేతులు చూసుకున్నాడు. నల్లగండ్లలో ఆయన ఉండే టవరులో ఎన్ని వందల కుటుంబాలున్నాయో.

యశస్విని ఇంకా నిలబడే ఉంది. బయటికి వెళ్ళిపోతుందనుకున్నారు. వెళ్ళవచ్చు కూడా. ఆమెకు కావలసింది దొరికింది, పేరు తిరిగి వచ్చింది. కానీ ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఫోనుకు దగ్గరగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"భూలక్ష్మి గారూ, నాకు మీమీద చాలా కోపంగా ఉంది," అంది. ఆ గొంతులో కాగితం చదువుతున్న ధోరణి లేదు. "మీరు నాకేం చేశారో మీకు మొత్తం చెప్పాలి. చాలాసేపు పడుతుంది."

"చెప్పమ్మా," అంది అవతలి గొంతు. "తిట్టు కూడా."

ఉమాశ్రీ లేచి మిగతావాళ్ళకు తలుపు చూపించింది. ఒక్కొక్కరే వెళ్ళారు. ఆఖర్న వెళ్ళిన మూర్తి, లోపలి మాటలు బయటికి రాకుండా అద్దం తలుపు జాగ్రత్తగా మూశాడు.